హార్మోనియానికి కల్లుప్పు

"అమ్మమ్మా, ఈ హార్మోనియం మెట్ల సందుల్లో ఆకుపచ్చగా ఏంటిది? నాచా?"

నాచేంటే పిచ్చిదానా, చిలుం. ఇత్తడి చిలుం. గోక్కు, గోకినా పోదు అది. ఆ ఫోను నా ఎదురుగానే ఉండాలా? రికార్డవుతుందా? సరేగానీ, ముందు మీ తాత ఎక్కడున్నాడో చూడు. పొలం వెళ్ళాడా? అయితే చెప్తాను. ఆయనుంటే నోరు విప్పనివ్వడు. ఎవరికీ చెప్పకు, ఒట్టెయ్యి అన్నాడు. మనం ఒట్లు వెయ్యకూడదు కదండీ, గుళ్ళో అయ్యగారు చెప్తారుగా అన్నాను. అలా తప్పించుకున్నాను. ఒట్టు వెయ్యలేదు గాబట్టి చెప్పొచ్చు.

ఈ పెట్టి నాకు పదేళ్ళప్పుడు వచ్చింది. మా నాన్న మిషను బడిలో పంతులు. జీతం అప్పుడు ఎనభయ్యో తొంభయ్యో. రాజమండ్రిలో నాటకాలకి వాయించేవాడొకాయన పెద్దది కొనుక్కుంటూ ఇది అమ్మేస్తుంటే, నూట పదికి... కాదు, నూట పది చెప్తే తొంభై అయిదుకి బేరమాడి తెచ్చాడు. అంటే ఒక నెల జీతం అయిపోయినట్టేగా. ఆ నెలంతా మా అమ్మ గోంగూర తప్ప ఏమీ వండలేదు. కోపంతో వండిందో, డబ్బుల్లేక వండిందో, ఇప్పటికీ నాకు తెలీదు. బంగారం కాసు నూటపాతికో ఎంతో ఉండేది అప్పుడు, "ఇంకొంచెం వేస్తే కాసు వచ్చేది కదండీ" అని చచ్చేదాకా అంటూనే ఉంది పాపం.

తీసుకొచ్చి గుళ్ళో పెడదామంటే సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. రాజుల వేషాలకీ రాణుల వేషాలకీ వాయించిన పెట్టి దేవుడి మందిరంలోకా అన్నారు. అప్పటి అయ్యగారు మంచాయన. "ఆ పెట్టికేం తెలుసయ్యా, ఎవరి వేళ్ళు పడితే వాళ్ళ పాట పాడుద్ది" అన్నాడు. ఓ ప్రార్థన చేసి లోపల పెట్టించాడు. అప్పట్నించీ నా వేళ్ళే. పెళ్ళిళ్ళకి, సమాధి కార్యక్రమాలకి, క్రిస్మస్సుకి, ఈస్టరుకి. మీ అమ్మని కన్న పదకొండో రోజున కూడా వెళ్ళి వాయించాను, మా అత్తగారు తిట్టిపోసింది. మీ తాతకి అదంటే అసూయ. "నీ పెద్ద మొగుడు" అనేవాడు. "ఇదిగో నీ పెద్ద మొగుడికి ఎలకలు కన్నం పెడుతున్నాయి చూసుకో" అనేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదులే. ఆయనైతే నా కంటే ముందు నిద్రపోడండీ అనేదాన్ని.

ఆ, ఏం చెప్తున్నాను... చిలుం.

మూడేళ్ళ కిందట నువ్వు విజయవాడ హాస్టల్లో ఉన్నావు చూడు. పరీక్షలని నీకు అమ్మమ్మ జారిపడింది అని చెప్పారు. జారిపడ్డం కాదే, కాలవలో పడ్డాను. అందరూ బతికారు, అది ముందే చెప్పేస్తున్నాను, నువ్వలా మొహం పెట్టకు.

శుక్రవారం... కాదు, శనివారం. శనివారం పొద్దున్న, మండపేట అవతల ఊళ్ళో స్త్రీల సమాజం కూటం. ఆటోలో అయిదుగురం ఆడాళ్ళం. నా ఒళ్ళో ఈ హార్మోనియం, చెక్కపెట్టిలో పెట్టి, దాని బెల్టు ఎడం చేతికి తగిలించుకున్నాను. కోతల రోజులు. మన కాలవగట్టు రోడ్డు సంగతి తెలుసుగా, సగం రోడ్డు మీద ధాన్యం ఎండబోస్తారు, మిగతా సగంలోనే లారీలూ ట్రాక్టర్లూ మనుషులూ. ఎదురుగా బస్తాల లారీ వచ్చింది. ఆటో అబ్బాయి పక్కకి తీశాడు. చక్రం ధాన్యం మీద కెక్కింది. ధాన్యం మీద నువ్వు నడిచినా కాలు జారుద్ది, ఇంక చక్రం ఆగుద్దా? పల్టీ కొట్టి కాలవలో పడ్డాం.

కాలవ పక్కన పుట్టి కాలవ పక్కన ముసలిదాన్నయ్యాను, ఈత రాదు. మా రోజుల్లో ఆడపిల్లలకి ఎవరు నేర్పారులే. మునిగాను. నీళ్ళు మింగాను. అందరూ అడుగుతారు, ఏం ప్రార్థన చేశావు సుగుణమ్మా అని. అబద్ధం ఎందుకాడాలి, ప్రార్థన గుర్తు రాలేదు. నాన్నా అన్నాను. అప్పుడు చెయ్యి పైకి గుంజింది. ఏంటా అంటే పెట్టి. మూత గట్టిగా బిగించాం కదా, లోపలంతా గాలి, అది తేలుతోంది. అది తేలినంతసేపూ నేనూ తేలాను. మిగతావాళ్ళని అక్కడే ధాన్యం కాపలా వాళ్ళు దూకి లాగేశారు. నన్ను మాత్రం నీళ్ళు లాక్కుపోయాయి, పెట్టితో సహా. ముందర లాకులున్నాయి. లాకుల దగ్గర నీటి జోరు నీకు తెలుసుగా. అక్కడిదాకా వెళ్తే మనిషి దొరకదు. మధ్యలో వంతెన ఉంది. పెట్టి వెళ్ళి ఆ వంతెన స్తంభానికి కొట్టుకుంది, మూత విడి నీళ్ళు దూరాయి, బెల్టు నా చేతికి మెలిపడి భుజం ఫట్‌మంది. ఆ స్తంభం అవతల గుర్రపుడెక్క గట్టులా పేరుకుపోయి ఉంది. అందులో చిక్కుకున్నాను. ఆ గుర్రపుడెక్కని తీయించరే అని పంచాయితీ వాళ్ళని ఎన్నిసార్లు తిట్టానో. ఆ రోజు నుంచీ తిట్టడం మానేశాను.

ఒడ్డుకి లాగినవాళ్ళు పెట్టి వదలండమ్మా, వదిలెయ్యండి అంటే నేను వదల్లేదంట. వేళ్ళు ఒక్కొక్కటే విప్పారంట. నాకు తెలీదు.

మండపేటలో కట్టు కట్టి రాజమండ్రి పంపించారు. రాడ్డు వేశారు, పద్దెనిమిది రోజులు ఉంచారు. ఊపిరితిత్తుల్లోకి కాలవ నీళ్ళు పోయి జ్వరం ఒకటి. మీ అమ్మా మావయ్యా దగ్గరున్నారు. మీ తాతేమో పొద్దున్న వచ్చి మధ్యాహ్నానికి ఊరికి పోయేవాడు. అలా పోతుంటే నాకు కష్టమేసేది. భార్య మంచాన పడుంటే ఇంటి దగ్గర ఏం రాచకార్యాలున్నాయి ఈయనకి అనుకునేదాన్ని. మనసులో ఉంచుకుని లాభమేముంది, మీ అమ్మతో అనేశాను కూడా.

నడవగలిగాక, మూడు నెల్లకి, ఈ పెట్టిని రాజమండ్రిలో హార్మోనియాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి పట్టుకెళ్ళాం. మీ తాత, నేను. ఆయన మూత తీసి, లోపల రీడ్లు అంటారే, ఇత్తడి నాలికలు, వాటి మీద వేలు రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. నా వంక చూశాడు. మీ తాత వంక చూశాడు.

"కాలవ నీళ్ళు ఎప్పట్నించమ్మా ఉప్పగా అయ్యాయి?" అన్నాడు.

మీ తాత గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

"ఎవరండీ ఇందులో ఉప్పేసింది? ఇది హార్మోనియం అనుకున్నారా, ఆవకాయ జాడీ అనుకున్నారా?"

"ఆయ్, నేనేనండి" అన్నాడు మీ తాత. మెల్లగా అన్నాడు.

నీకు అర్థమయిందా? పట్నంలో చదువుకుంటున్నావు, నీకెలా తెలుసుద్దిలే. కోతలప్పుడు వానొచ్చి వరి తడిసిపోయిందనుకో, కంకి మీదే మొలకొచ్చేస్తాది. రాకుండా ఉప్పునీళ్ళు చల్లుతాం. తర్వాత ఎండబెడతాం. ఈయన పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ తడిసినదాన్ని బతికించడమంటే ఆయనకి అదే తెలుసు. పెట్టిలో నీళ్ళు వంపేసి, రెండు కేజీల కల్లుప్పు లోపల పోసి, వాకిట్లో బరకం పరిచి, ధాన్యం తిరగేసినట్టు రోజుకి నాలుగుసార్లు తిరగేస్తూ, కాకులొస్తే కర్రతో తోలుతూ కూచున్నాడంట. పద్దెనిమిది రోజులూ! ఆస్పత్రి నుంచి పరుగెత్తుకొచ్చింది అందుకంట. రీడ్లన్నీ పచ్చగా చిలుం పట్టి కూచున్నాయి. కాలవ సగం పాడుచేస్తే మిగతా సగం ఈయన పూర్తిచేశాడు. ఇంకో సంగతి, సంచిలో చింతపండు కూడా తెచ్చాడే! ఇత్తడి కదా, తోమితే మెరుస్తాదని. ఆ ముసలాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "ఇంక కారం ఒక్కటే తక్కువండి" అన్నాడు.

నవ్వుతున్నావు నువ్వు. నేను నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా టిక్కెట్టు నేనే కొనుక్కున్నాను. మా నాన్న నెల జీతం, మా అమ్మ గోంగూర, నా అరవయ్యేళ్ళు, అన్నీ ఉప్పులో ఊరబెట్టేశాడు మనిషి. ద్వారపూడి దాటాక అప్పుడన్నాడు.

"ఏమే, నువ్వు బతుకుతావో లేదో డాక్టరు చెప్పట్లేదు. నీకు చెయ్యడానికి నా చేతిలో ఏమీ లేదు. దాన్నయినా బతికిద్దామనుకున్నాను."

యాభై ఏళ్ళ కాపరంలో ఆయన నాతో అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కండక్టరు చూసి, ఏంటమ్మా సీటు కావాలా అన్నాడు, కూచునే ఉన్నాను కదయ్యా అన్నాను.

పెట్టి బతికిందిలే. టేకు కర్ర, గట్టిది. రీడ్లు సగానికి సగం కొత్తవి వేశాడు ఆ ముసలాయన, పాతవి తోమి మళ్ళీ శృతి చేశాడు. ఆ మరకలు మాత్రం పోలేదు. పోనివ్వండి అన్నాను. ఇంటికి తెచ్చి, ముందు కూచుని, కుడి చెయ్యి మెట్ల మీద పెట్టాను. కుడి చేతికి అన్నీ గుర్తున్నాయి. ఎడం చెయ్యి తిత్తి దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. తిత్తి వెనక్కి లాగి కొట్టాలి కదా, భుజం లేవదు. ఇదిగో, ఇంతే, ఇంతకి మించి లేవదు. గాలి లేకపోతే మెట్టు ఎంత నొక్కినా అది చెక్కే. పెట్టి బాగయింది, నేనే పాడయ్యాను. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు ఆస్పత్రిలో కూడా ఏడవలేదు. మీ మావయ్య కీబోర్డు కొనిచ్చాడు, మంచివాడు, దానికి కరెంటుంటే చాలు. గుళ్ళో కుర్రాళ్ళు చక్కగా వాయిస్తారు దాన్ని. నాకది అలవాటు కాలేదు, అంతే.

మీ తాత నాలుగు రోజులు చూశాడు. అయిదో రోజు పొలానికి మందు కొట్టొచ్చి, స్నానం చేసొచ్చి, నా పక్కన పీట వేసుకున్నాడు. "ఇది కూడా స్ప్రేయరు హ్యాండిలు లాంటిదేగా, నలభై ఏళ్ళుగా ఎడం చేత్తో కొడుతున్నాను, నేను కొడతాను, నువ్వు వాయించు" అన్నాడు. కొట్టాడు. పొలానికి కొట్టినట్టే కొట్టాడు. ఈనుతున్న గేదెలా అరిచింది హార్మోనియం. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అలా కాదండీ, నిద్రలో ఊపిరి తీసినట్టు, మెల్లగా అని నేర్పాను. నిద్రపోయాడు ఓసారి, నిజంగా! కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. చరణం ఎక్కడ పైకెళ్తాదో అక్కడ నేను గడ్డం ఎత్తేదాన్ని, ఆయన గాలి పెంచేవాడు.

ఇంక గుడికి వెళ్ళాలి. అక్కడొచ్చింది చిక్కు. ఆడాళ్ళు ఎడం వైపు, మగాళ్ళు కుడి వైపు చాపల మీద కూచుంటారు కదా, హార్మోనియమేమో ఆడాళ్ళ వైపు. నేను ఆడాళ్ళ మధ్యలో కూచోను, ప్రాణం పోయినా కూచోను అన్నాడాయన. పోనీ మగాళ్ళ వైపు పెడదామంటే, మా పాటలవాళ్ళు మేమూ అటే వస్తామన్నారు. ఇప్పటి అయ్యగారు కుర్రాడు, నవ్వాపుకోలేక, మధ్య దారిలో పెట్టుకోండి అమ్మగారూ అన్నాడు. ఆ మధ్య దారిలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తప్ప ఎవరూ కూచోరే! మీ తాత చొక్కా మెడ గుండీ దాకా పెట్టుకుని, తల దించుకుని వచ్చి నా పక్కన కూచున్నాడు. కానుకలు వేసేవాళ్ళు మమ్మల్ని చుట్టుకుని వెళ్ళాల్సొచ్చింది. ఆడాళ్ళందరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నాకు సిగ్గేసింది, ఈ వయసులో!

పాట ఎత్తుకున్నాం. మొదటి చరణం బాగా నడిచింది. రెండోది నడిచింది. మూడో చరణం మధ్యలో గాలి పోయింది. మెట్టు నొక్కుతున్నాను, శబ్దం లేదు. భుజం నొప్పెట్టిందేమో, పెద్దాయన కదా అని భయపడి పక్కకి చూశాను.

పాడుతున్నాడే. కళ్ళు మూసుకుని, చెయ్యి తిత్తి మీదే పెట్టి, కొట్టడం మర్చిపోయి పాడుతున్నాడు. ఆయన గుళ్ళో పాడగా నేనెప్పుడూ వినలేదు, మగాళ్ళ వైపు కూచునేవాడు కదా, నాకెలా వినపడుద్ది? మూడో చరణం అక్షరం పొల్లు పోకుండా వచ్చు ఆయనకి. రాగం మాత్రం రాదు. అసలు రాదు. నేను మోచేత్తో పొడవబోయి, మానేశాను. మెట్ల మీంచి చెయ్యి తీసేసి విన్నాను.

ఇప్పటికీ అంతేనమ్మా. మూడో చరణం దగ్గర గాలి ఆగిపోద్ది. సంఘానికి అలవాటైపోయింది, అక్కడ అందరూ గొంతులతోనే లాగేస్తారు, మళ్ళీ పల్లవికి మేం అందుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్ళు మా గుళ్ళో అలాగే పాడతారేమో అనుకుంటున్నారు...

ఏంటే, కళ్ళు తుడుచుకుంటున్నావు? బాగానే ఉన్నాను కదా, నీ ఎదురుగానే ఉన్నాను. ఇలా రా, తల వంచు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ రెండు చేతులూ నూరేళ్ళు ఆడాలి. ఒకవేళ ఎప్పుడైనా ఒకటి ఆడకపోతే, పక్కన మనిషుండాలి... ఉంటాడులే. సరే, గొంతు ఎండిపోయింది, కాసిని మంచినీళ్ళు పట్రా తల్లీ.