గడ్డి మీద హాజరు

ముసునూరు దగ్గర మామిడితోటలో, షెడ్డు కింద కూర్చుని అత్తాకోడళ్లు చిన్నరసాలు గడ్డిలో మాగేస్తున్నారు. బడులు తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది.

“మళ్లీ అదే మాటా అత్తయ్యా? మీ మనవరాల్ని బడికి పంపను. ఇంట్లో నేనే చదువు చెప్పుకుంటాను.”

“నీ చదువుకి నేను వంక పెట్టడం లేదమ్మా.”

“ఎనిమిదేళ్లకే భాగహారాలు చకచకా చేసేస్తోంది. తీసుకెళ్లి నలభై మందిలో కూర్చోబెడితే దాన్ని పట్టించుకునేదెవరు?”

“నిన్న ఇక్కడ కాయలు వరసగా పేర్చింది, చూశావా?”

“చూశాను. సైజుల వారీగా వేరు చేసింది. నేను నేర్పిందే కదా!” కోడలి గొంతులో గర్వం దాగలేదు.

“సైజులు కాదమ్మా. ఒక్కో కాయకీ ఒక్కో పేరు పెట్టింది. పొట్టివి ముందు బెంచీ, పొడుగువి వెనక బెంచీ అట. స్కేలూ, నోటుపుస్తకమూ పట్టుకుని హాజరు పిలిచింది.”

కోడలి చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది.

“మరి పలికిందెవరు?”

“అన్నిటికీ అదే పలికింది, గొంతు మార్చి మార్చి. ప్రెజెంట్ మేడమ్, ప్రెజెంట్ మేడమ్ అని.”

“ఆడుకుందిలెండి. పిల్లలన్నాక ఆడుకోరా?”

“చివర్న తన పేరు పిలుచుకుంది.”

“ఏమని పలికింది?”

“పలకలేదమ్మా. కాసేపు అటూ ఇటూ చూసి, ఆబ్సెంట్ అని రాసుకుంది.”

కోడలు చటుక్కున లేచి, మరక పడుతుందని కూడా చూసుకోకుండా చేతుల సొన కొంగుకే తుడుచుకుంది.

“దాని ఆధార్ కార్డు మీ బీరువాలోనే ఉందిగా? తీయండి అత్తయ్యా. బడి తెరిచిన రోజే టీచరు దాని పేరు పిలవాలి.”