లేసుల దగ్గర చేతులు

బూట్ల మీద బొమ్మలు వేసే పెయింటర్ దుకాణంలో, పరుగు పందేలకు వెళ్లే అమ్మాయి కొత్త తెల్ల బూట్లు బల్ల మీద పెట్టింది.

"అమ్మ పోయి నెలైంది బాబాయ్. ఆవిడ గుర్తుగా వీటిమీద ఏదైనా వెయ్యాలి."

"ముఖం మాత్రం వెయ్యనమ్మా. కాళ్లకు తొడుక్కునేవాటి మీద తల్లి ముఖమంటే నాకు మనసొప్పదు."

"ముఖం వద్దు. చేతులు వెయ్యండి. ప్రతి పందెంలో నాకు లేసులు కట్టింది ఆవిడే. ముడికి చెరో పక్కా ఒక చెయ్యి."

"బాగుంటుంది. ఫోటో ఉందా?"

"చేతులకెవరు ఫోటో తీస్తారు? నావి చూసి వెయ్యండి. అచ్చం అమ్మవేనంటుంది మా పిన్ని. కుడి బొటనవేలి గోరు మాత్రం వంకరగా ఉండాలి. కుట్టుమిషన్ సూది దిగిందొకసారి."

అతను పెన్సిల్ తీశాడు.

"చేతులిలా లైటు కింద పెట్టు. వణకనివ్వకు తల్లీ."

"మీరు గీస్తూ ఉండండి బాబాయ్. అదే ఆగుతుంది."