తోకకి ఏ నంబరు?

వాకాడు సముద్రపు గాలికి రేకుల షెడ్డు దడదడలాడుతోంది. సగం బిగించిన చిన్న విమానం పక్కన నిలబడి, షెడ్డు కొనడానికొచ్చిన పెద్ద కంపెనీ మనిషి ఒక చేత్తో అమ్మకం కాయితాలు పట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు. షెడ్డు యజమాని ముసలాయన స్టూలు మీద కాళ్ళూపుతూ కూర్చున్నాడు.

"తాతా, విడిభాగాల పెట్టెగా అమ్మే కిట్టు విమానాలు చేసే చిన్నోళ్ళందర్నీ మా కంపెనీ కొనేసింది. మిగిలింది మీరొక్కరే."

"అందుకా నాయనా, పొద్దున్నుంచీ నాకు ఒకటే ఎక్కిళ్ళు!"

"మీ పేరు అట్నే ఉంటది. షెడ్డు మాత్రం మూసేస్తాం."

"మరి కిట్టు కొనుక్కోని ఇంట్లో బిగించుకునేవోడు మధ్యలో తికమకపడితే? ముత్తుకూరులో ఒకాయన ఇంజను వెనక్కి తిప్పి బిగించి, సోమవారం ఎగిరి అంతకుముందు ఆదివారంలో దిగినాడు. నేను ఫోన్లో దారి చెప్పబట్టి మళ్ళీ ఈ వారంలోకొచ్చి పడినాడు."

"అట్టాంటోళ్ళకి కాల్ సెంటరుంది తాతా. ఎడమ రెక్కకి ఒకటి, కుడి రెక్కకి రెండు నొక్కాల."

"తోకకో?"

కంపెనీ మనిషి జేబు తడుముకున్నాడు.

"తోకకి ఏ నంబరూ లేదు."

"నీకెట్ట తెలుసు?"

"నేనూ ఒక కిట్టు కొనుక్కున్నా తాతా. పోయినేడు మేం కొని మూసేసినోళ్ళదే. తోక బిగించినాక ఇవి మిగిలిపోయినాయి."

జేబులోంచి రెండు బోల్టులు తీసి చూపించాడు.

"ఎగిరినావా?"

"లేదు."

"అందుకే ఇంకా మాట్లాడతా ఉండావు. ఆ కాయితాలు పక్కనబెట్టి చొక్కా చేతులు మడుచుకో. ఈ విమానం తోక ఊడదీసి చూపిస్తా."

"మరి సంతకం?"

"దానికేముంది నాయనా! సంతకానికి ఏ నంబరు నొక్కాలో మీ కాల్ సెంటరునడిగి చెప్పు."