శనివారం ఏడు గంటలకి, కాఫీ లేకుండా

అధ్యక్ష స్థానంలో ఉన్న కృపావరం గారికి, సంఘ పెద్దలకి, పాస్టరమ్మ గారికి, బిర్యానీ మూత ఎప్పుడు తీస్తారా అని వెనక్కి వెనక్కి చూస్తున్న స్నేహితులకి, అందరికీ లూసీ వందనాలు. (నవ్వులు)

ఈ దేశంలో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా, అందులో చివరి పన్నెండేళ్ళు రీసెర్చ్ నర్సుగా పనిచేసి, నిన్ననే బ్యాడ్జి అప్పజెప్పి వచ్చాను. ఇందాకటి నుంచి నలుగురు మాట్లాడారు, నలుగురూ నన్ను సహనమూర్తి అన్నారు, అన్న ప్రతిసారీ ముందు వరసలో మా ఆయన దగ్గారు. ఆ దగ్గు నిజం. నాకు సహనం లేదు. ఉన్న కాస్తా కమిటీలు తినేశాయి.

ఏడు ఆస్పత్రులు కలిసిన మా హెల్త్ రీసెర్చ్ నెట్‌వర్క్‌లో గుండెకో గ్రూపు, కిడ్నీకో గ్రూపు, ఆఖరికి గురకకి కూడా ఒక స్పెషలిస్ట్ గ్రూపు ఉంది; మనవాళ్ళకి సన్నగా ఉన్నా సరే ముప్పై అయిదేళ్ళకే షుగర్ ఎందుకొస్తోందో చూడడానికి ఒక గ్రూపు పెట్టండి మహాప్రభో అని రీసెర్చ్‌లో చేరిన కొత్తలో, 2005లో అడిగితే, అవసరమా కాదా తేల్చడానికి ఒక కమిటీ వేశారు, అందులో ఎవరుండాలో తేల్చడానికి ఇంకో కమిటీ వేశారు, 'ఇండియన్' అనాలా 'సౌత్ ఏషియన్' అనాలా అని పదకొండు నెలలు కూర్చున్నారు. ఆ పదకొండు నెలల్లో మా డాక్టర్ పద్మజ, అదిగో, చెయ్యెత్తమ్మా, బిడ్డని కని, పేరు పెట్టి, లీవు ముగించుకుని డ్యూటీకి వచ్చేసింది. గ్రూపుకి మాత్రం పేరు తేలలేదు. (నవ్వులు)

చివరికి, వంద మంది పరగడుపు రక్తం తెచ్చి చూపించు, అప్పుడు ఆలోచిస్తాం అన్నారు. నేను ఆదివారం ఆరాధన అయ్యాక ఇదే హాల్లో నిలబడి, "శనివారం ఏడింటికి ఏమీ తినకుండా రండి" అని ప్రకటించాను. నూటనాలుగు మంది వచ్చారు. ఫారంలో "ఏమైనా తిన్నారా?" అన్నచోట అందరూ "లేదు" అని టిక్ పెట్టారు. అబద్ధం కాదు. నేను లోపలి గదిలో రక్తం తీస్తూ, తొంభయ్యో మనిషి మీసానికి నురగ చూసి బయటికి పరిగెత్తాను. చూద్దును కదా, కృపావరం గారు పొద్దున్నే వచ్చినవాళ్ళకి కాఫీ అయినా ఇవ్వకపోతే మర్యాదగా ఉండదని, పాలూ పంచదారా దండిగా వేసి, పెద్ద డ్రమ్ము నిండా కాఫీ పోస్తున్నారు. "అదేంటండీ!" అంటే, "తినలేదుగా అమ్మా, ఉపవాస ప్రార్థనకీ కాఫీ తాగే వస్తాంగా!" అన్నారు. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లెందుకండీ? నూటనాలుగు శాంపిళ్ళూ చెత్తబుట్టలోకి పోయాయి. కమిటీ వాళ్ళు, మీ కమ్యూనిటీ ఇంకా సిద్ధంగా లేదేమో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా కాఫీ సంగతి తెలియని ఫారం మాకిచ్చి మమ్మల్నంటారేంటి, అందుకేగా వేరే గ్రూపు అడుగుతున్నది అని, "నీళ్ళు తప్ప ఏదీ నోట్లో పోసుకోకూడదు, కాఫీ కూడా" అని ఫారంలో ఒక్క లైను చేర్పించాను. దానికి ఎనిమిది నెలలు పట్టింది. మళ్ళీ రక్తాలు తీశాం, 2009లో గ్రూపు వచ్చింది.

మళ్ళీ పిలిచినప్పుడు రానివాళ్ళలో మన జూడ్ ఒకడు. మీకు చెబుతానంటే జూడూ, అతని భార్య అబిగేలూ ఒప్పుకున్నారు. మొదటిసారి రక్తం తీస్తూనే మీటర్‌లో అతని షుగర్ అంకె చూసి నాకు భయం వేసింది. మళ్ళీ రారా అంటే, "కాఫీ వల్లలే అక్కా, కంగారు పడకు" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆ వారమంతా కమిటీకి జవాబు రాసుకుంటూ కూర్చున్నాను. వాళ్ళింటికెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురావాల్సింది. ఇప్పుడతనికి నలభై నాలుగు. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఇవాళ కూడా అక్కడి నుంచే వచ్చి ఆ తలుపు పక్కన కూర్చున్నాడు. తప్పు నాది కూడా, జూడ్.

అందుకే మీ పొగడ్తలు నాకు ఎక్కడం లేదు. మొదట పేర్లిచ్చి, ఏటేటా రక్తం ఇవ్వడానికి రావలసిన నూటనాలుగు మందిలో నిరుడు వచ్చింది ముప్పై ఎనిమిది. ఈసారి అరవై కన్నా తక్కువ వస్తే, సెప్టెంబరులో మన గ్రూపుని మామూలు షుగర్ గ్రూపులో కలిపేస్తారట. పద్మజ ఒక్కతే ఎంతమందికని ఫోన్లు చేస్తుంది? ఇవాళ నా డిన్నర్‌కి మాత్రం రెండొందల మంది వచ్చారు, పార్కింగ్ దొరక్క మూడు వీధులవతల కార్లు పెట్టి మరీ నడిచొచ్చారు. ఆ నడకేదో శనివారం నడవండి!

మీ అందరి ప్రేమకీ, వంటచేసిన చెల్లెళ్ళకీ, ఇన్నేళ్ళు నా చిరాకు భరించిన మా ఆయనకీ కృతజ్ఞతలు. కృపావరం గారూ, ఆ శాలువా మడత విప్పకండి. వచ్చే శనివారం ఏడింటికి, ఇదే హాల్లో, అరవయ్యో మనిషి రక్తం ఇచ్చాక కప్పండి, తలవంచి కప్పించుకుంటాను. ఆ రోజు కాఫీ నేనే కలుపుకొస్తాను. డ్రమ్ము మూత మీద మాత్రం జూడ్ కూర్చుంటాడు. సూది గుచ్చిన చెయ్యి చూపించినవాళ్ళకే కాఫీ.

సెలవు.