రెండు పేర్ల కుక్క

వరంగల్‌లో పత్తి మార్కెట్ వెనుక వాడ. పొద్దున తొమ్మిది దాటింది. మార్తమ్మ ఇంటి గేటు దగ్గర ఒక మనిషి బైకు ఆపి నిలబడ్డాడు.

"సూసిపోత సూసిపోత అంటవేందయ్యా? ఇదేమన్న ఎగ్జిబిషనా? పాణం పోయే కుక్క అది."

"అయిదు నిమిషాలమ్మా. గేటు కాడ్నుంచే చూస్త. లోపలికి రానియ్యకున్నా సరే."

"ఎవలు నువ్వు? ఏ ఊరు మీది?"

"నెక్కొండ. నా పేరు సుధీర్. మోటర్ వైండింగ్ షాపుంది."

"నెక్కొండ కాడికెల్లి మా కుక్కను సూడనీకె వచ్చినవా?"

"మీ గ్రేస్ స్టేటస్ పెట్టింది కదమ్మా. ‘మా పత్తి ఇయ్యాల మమ్ముల ఇడిచిపోతాంది, ప్రార్థన చెయ్యుండ్రి’ అని. మా షాపుకొచ్చే ఒకాయన ఫోన్ల ఫోటో చూసిన. ఆయన మీకు చుట్టమట. ఇల్లు ఆయనే చెప్పిండు."

"గ్రేస్ మా చెల్లె బిడ్డ. అన్నీ ఫోన్ల పెట్టుడే దానికి. పెట్టి, నేను సూడలేను మార్తమ్మ పెద్దమ్మా అని డ్యూటీకి పోయింది. ఇగ నేనొక్కదాన్నే. నాకేమన్న సూడబుద్దయితాందా?"

"డాక్టర్ వస్తాందా ఇంటికే?"

"పదిటికి వస్తది. ముందుగాల నిద్ర సూదట, ఎనకసీరి ఇంకోటట. నొప్పుండదు పెద్దమ్మా అన్నది. దానికుండదు, మరి నాకు?"

"కిడ్నీలేనా అమ్మా? ఫోటో కింద రాసుండె."

"కిడ్నీలే. నాలుగొద్దులాయె ముద్ద ముట్టక. పెరుగన్నం పెట్టిన, చికెన్ ఉడకబెట్టిన నీళ్లు పెట్టిన. తాగిందంత కక్కుతాంది. కండ్లు కనవడయి, చెవులు ఇనవడయి. నిన్న పొద్దుగాల్నుంచి తలకాయ కూడ లేపుతలేదు. ఇగ దాన్ని గోస పెట్టుడేనా, చెప్పు?"

"లేదమ్మా. మంచిపనే చేస్తాండ్రు."

"మంచిదో చెడ్డదో నాకేం ఎర్క. నా తానికి వచ్చి పదకొండేండ్లాయె. డాక్టరమ్మేమో దానికి పన్నెండో పదమూడో ఉంటయంటది."

"పద్నాలుగు."

"ఏందీ?"

"అంటే... ఉంటయేమో అనిపించింది. ఫోటోల చూస్తే."

"ఫోటోల సూసి కుక్క వయసు చెప్పవడ్తివి. మోటర్లే కాదు, కుక్కల పని గూడ తెలుసా నీకు?"

"అప్పట్ల ఒకటుండె మాకు."

"...రా. చెప్పులాడనే ఇడువు. మెల్లగ నడువు, నేల అదిరితే ఉలిక్కిపడ్తది. అగో, వాకిట్ల దుప్పటి మీద."

"అయ్యో. గింతే అయిందా."

"ముప్పై కిలోలుండె. ఇప్పుడు నేనొక్కదాన్నే ఎత్తుకుంటాన. కూసో. ముట్టుకుంటె ముట్టుకో, కర్వది. దాని జల్మల ఎవ్వలిని కర్వలే."

"తెలుసు."

"మల్ల తెలుసంటవ్! కుడి దిక్కు ముట్టకు, దానికి... ఆఁ, అట్లనే. ఎడమ చెవి ఎన్క. నీకెట్ల ఎర్క?"

"అన్ని కుక్కలకు గంతే గదమ్మా."

"అన్ని కుక్కలకు గట్లుండదు. ఎడమ చెవి ఎన్క గోకితే కండ్లు మూస్తదని నేను తెలుసుకునేతల్లికి రెండు నెలలు పట్టింది. నువ్వు కూసునుడు కూసునుడే ఆడ చెయ్యి పెట్టినవ్... ఏమన్నవ్ ఇప్పుడు?"

"ఏమనలే."

"అన్నవ్. ఏదో అన్నవ్, పెదిమెలు కదిలినయ్. తోక సూడు, తోక! రెండు దినాల సంది కదలని తోక. మల్ల అను."

"అమ్మా..."

"అనుమంటాన గద!"

"జున్నూ. జున్నమ్మా."

"ప్రభువా. తల లేపుతాంది. చెవులినరాని దానికి నీ పిలుపు యాడ ఇనవడ్డది? వాసన. నీ చెయ్యి వాసన పట్టింది. సుధీర్ అంటివా నీ పేరు?"

"అవునమ్మా."

"పదకొండేండ్ల సంది ఒక మనిషిని తిట్టుకుంట బతికిన. మొకం తెల్వది, పేరు తెల్వది. దీని మెడకు తాడు కట్టిపోయినోన్ని. పండుకునే ముందు ప్రార్థన చేస్తే, అందరిని క్షమించిన ప్రభువా, వాన్ని మాత్రం నన్నడుగకు అనేదాన్ని. ఆ తాడు కట్టింది..."

"నేనే."

"లే."

"అమ్మా..."

"లే ఆడికెల్లి! తియ్యి చెయ్యి దాని మీదికెల్లి!"

"తీస్త. తీస్తానమ్మా. కని అదే... గదుమ పెట్టింది చూడుండ్రి నా అరచెయ్యిల. గుంజుకుంటే తలకాయ కిందవడ్తది. మెల్లగ తీస్త."

"ఉండనీ. ఉండనీ, దాన్ని కదిలియ్యకు. ఎందుకట్ల చేసినవ్?"

"కిరాయి ఇల్లు అప్పుడు. ఓనరు కుక్క ఒద్దన్నడు."

"ఓనరు అన్నడా?"

"ఓనరంటే... మా అత్తమ్మ. పాప పుట్టింది కొత్తగ. కుక్క బొచ్చు పడదని."

"మీ అత్తమ్మ తీస్కపోయి ఇడిచిపెట్టు రమ్మన్నదా?"

"అనలే. ఎవ్వలు ఏమనలేదమ్మా. పాప ఊకె ఏడుస్తుండె, షాపు నడుస్తలేకుండె, దీనికేమో ఒళ్లంత గజ్జి లేసింది. దవాఖాన్ల చుట్టు తిప్పుడు, మందు రాసుడు. నాకే బరువైంది. నేనే అనుకున్న, నేనే బండి మీద ముందల కూసోబెట్టుకున్న. షికారుకనుకున్నదది. దారి పొడుగూత గాలికి నాలికె బయటపెట్టి, ఎన్కకు మర్లి మర్లి నా దిక్కు చూసుకుంట..."

"సాలు."

"ఇడిచిపోతే బండి ఎంబడి ఉరుకొస్తది, లారీల కింద పడ్తదని కట్టేసిన. నీళ్ల డబ్బా పెట్టిన. పత్తి మార్కెట్ షెడ్డది, మనుషులు తిరిగే జాగ, ఎవలన్న ఇప్పుతరనుకున్న."

"శనివారం సందేళ కట్టినవా?"

"శనివారమే."

"ఐతారం మార్కెట్ బందు. ఎవలు తిరుగుతరు? సోమవారం పొద్దుగాల ఊడ్వనీకె పోతె షెడ్డు మూలకు పత్తి కుప్ప పడ్డదనుకున్న. చీపురేసి లాగుదామని దగ్గరికి పోతె దానికి కండ్లున్నయ్. గుంజి గుంజి తాడు మెడ తోలుల దిగింది. నీ నీళ్ల డబ్బా బోర్లవడి ఉన్నది. కొడవలి తెచ్చి కోస్తాంటె అమ్మో కర్వదా అని నాతోటి రాజక్క దూరం ఉరికింది. ఇదేమో కోస్తున్న చెయ్యిని నాకవట్టె. గందుకే పత్తి అని పేరు పెట్టిన. ఎన్నడు మెడకు పట్టీ కట్టనియ్యలే. తాడు పట్టుకొని మనిషి పోతాంటె సాలు, మంచం కిందికి దూరేది. మా వాకిట్ల బట్టలారేసె తాడు కూడ నేను ఇప్పి పారేసిన. గోడ మీద ఆరేసుకుంట ఇప్పటికి."

"తిట్టుండ్రమ్మా. అందుకే వచ్చిన."

"తిడితె నీకు తీరుతది. దానికి తీరుతదా?"

"తీరది."

"నీళ్లు నిండిన కండ్లతోటి నా దిక్కు సూడకు. నాకు జాలి రాదు. ఇడిచిపోయినంక ఒక్కసారన్న, ఒక్కసారన్న మర్లి రావాల్ననిపియ్యలేదా నీకు?"

"వచ్చిన."

"...ఏందీ?"

"మంగళవారం వచ్చిన. మా ఆమె సుభాషిణి, జున్ను యాడున్నదని అడిగితే తప్పించుకపోయిందని చెప్పిన. నమ్మలే. అన్నం ముట్టలే. ఇగ నాతోని కాలే. బిస్కెట్ పుడ పట్టుకొని మంగళవారం పొద్దుగాలే వచ్చిన. ఆ షెడ్డు కాడ తాడు తెగి పడున్నది, కుక్క లేదు. జున్నూ జున్నూ అని ఒర్రుకుంట షెడ్లన్ని తిరిగిన. పత్తి ఊడ్సేటామె ఒకామె ఎదురైంది. దుమ్ముకు మూతికి గుడ్డ కట్టుకున్నది, కండ్లే కనవడ్తున్నయ్. ఆమెనడిగిన. తెల్లకుక్కనా, ఖమ్మం లారీ డ్రైవర్ ఎక్కిచ్చుకపోయిండు అన్నది."

"...నీళ్లు తాగుతవా?"

"ఒద్దమ్మా."

"చాయ పెడ్త."

"మీరు కూసోండ్రి."

"కూసుంటె ఎట్ల? డాక్టరమ్మ వచ్చే యాళ్లాయె. గిన్నె కడిగి పెట్టాలె."

"ఏం గిన్నెమ్మా?"

"దీని అన్నం గిన్నె."

"అది తినది కదమ్మా."

"...అవు. తినది."

"కూసోండ్రమ్మా జర."

"నువ్వు చెప్పు. మల్లేం చేసినవ్?"

"ఖమ్మం రోడ్డు పట్టుకొని పోయిన. వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ. లారీలాగే ప్రతి హోటల్ కాడ ఫోటో చూపెట్టి అడిగిన. ఆర్నెల్లు తిరిగిన, ప్రతి ఐతారం. మరిపెడల ఒక కుక్క చెవులు గిట్ల అచ్చం ఇట్లనే ఉండె, దాని వెంట చేన్లకు పోయిన. అది కాదు."

"ఆర్నెల్లా?"

"ఆర్నెల్లు. ఎన్కసీరి ఆ డ్రైవర్ మంచోడే అయి ఉంటడని మనసుకు చెప్పుకున్న. క్యాబిన్ల పక్కకు కూసోబెట్టుకుంటడు, గాలికి నాలికె బయటపెట్టి పోతుంటది, దానికి గదే ఇష్టం కద అనుకునేటోన్ని. మా పాప పెద్దగైనంక పాత ఫోటో చూసి, నాన్నా మన కుక్క ఏదంటే, లారీల దేశమంత తిరుగుతాంది బిడ్డా అని చెప్పిన. ఇప్పటికి గదే నమ్ముతది పిల్ల."

"ఆపు బిడ్డా."

"ఇక్కడే ఉన్నదని ఎర్కైతే..."

"ఎర్కైతే తోల్కపోతుంటివా?"

"కాళ్లు మొక్కి తీస్కపోతుంటి."

"పెద్దమ్మా! గేటు తీసే ఉంది, లోపలికి రావచ్చా?"

"రా సౌమ్య డాక్టరమ్మా. రా తల్లీ."

"ఎట్లుంది? రాత్రేమన్నా ఫిట్స్ వచ్చినయా? ఈయనెవరు?"

"ఈయన... పత్తి మనిషి."

"అంటే?"

"దీని మనిషి, డాక్టరమ్మా. నాకంటె ముందటి మనిషి."

"సరే. ఇప్పుడు ఎవరో ఒకరు తలను ఒడిలో పెట్టుకోవాలి. తెలిసిన వాసన దగ్గరుంటే దానికి భయముండదు. మీరు పెట్టుకుంటారు కదా పెద్దమ్మా?"

"ఆయన చెయ్యి మీదనే ఉన్నది గదుమ. గట్లనే ఉండనియ్యి. నేను కాళ్ల కాడ కూసుంట."

"ఒద్దమ్మా. పదకొండేండ్లు సాకిండ్రు. నాకు హక్కు లేదు, మీరే..."

"కూసోమంటాన గద నిన్ను! దాన్నిప్పుడు ఇటు అటు జరుపుతరా ఎవలన్న? ఒళ్లె పెట్టుకో. ఆఁ. చెవెన్క చెయ్యి పెట్టు."

"మొదటిది ఇస్తున్నా పెద్దమ్మా. ఇది నిద్రకే. చిన్నగా కుట్టినట్టుంటది, అంతే."

"పత్తీ. నేనీడనే ఉన్ననే. కాళ్లు సల్లగైనయ్ డాక్టరమ్మా, దుప్పటి కప్పనా?"

"కప్పండి. చూడండి, ఊపిరి ఎంత మెల్లగయిందో. నిద్ర పట్టింది. కాసేపు చూద్దాం."

"గురక పెడ్తాంది. నాలుగు దినాల సంది ఇంత మంచిగ పండుకోలే."

"ఇప్పుడు రెండోది. ఇయ్యనా పెద్దమ్మా?"

"ఒక్క నిమిషం."

"మీరు ఎప్పుడంటే అప్పుడే."

"పత్తీ. నా పత్తీ. నా కొంగు పట్టుకొని మార్కెట్టంత తిరిగినవ్. నా మోకాళ్లు పోయి పని బందు వెట్టుకుంటె నువ్వు కూడ బందు వెట్టి ఇంట్ల కూసున్నవ్. పో బిడ్డా. ఫికర్ చెయ్యకు. ఆడ తాళ్లుండయి. ...నువ్వు పిలువు కొడుకా. నీ పేరుతోని పిలువు."

"జున్నూ. పోయిరా జున్నూ. తప్పైంది నాతోని. తప్పైందే."

"ఇయ్యి డాక్టరమ్మా."

"ఇస్తున్నా పెద్దమ్మా."

"అయిపోయిందా?"

"అయిపోయింది పెద్దమ్మా. గుండె ఆగింది. నేను బయట కూసుంట. మీరు తొందరపడకండి."

"ఊఁ."

"అమ్మా, యాడ పెడ్తరు?"

"ఎన్క పెరట్ల. నిన్ననే వాడోళ్లు గుంత తవ్వి పెట్టిండ్రు."

"నేనెత్తుకుంట. అదన్న చెయ్యనియ్యుండ్రి."

"ఎత్తుకో. కని జర ఆగు."

"ఆగుత. మీ రుణం ఎన్నటికి తీరదమ్మా నాకు. నేను పారేసినదాన్ని మీరు బిడ్డ లెక్క సాకిండ్రు."

"అట్లనకు."

"నిజమే కదమ్మా. ఒక్కటే నాకు సమజైతలేదు. మీరు సోమవారమే తాడు కోసిండ్రు, నేను మంగళవారమే వస్తి. మరి గామె లారీ అని ఎందుకన్నదో. ఇంకేదన్న తెల్లకుక్కను చూసిందేమో, పాపం. ఆమెనంటే ఏమొస్తది. కట్టినోన్నే నేను."

"ఇంకో కుక్క లేదు బిడ్డా. లారీ లేదు."

"ఏందమ్మా?"

"సోమవారం అంత దానికి పసుపు రాసుకుంట, ఒళ్లె పండుకోబెట్టుకున్న. నా చేతితోటి తప్ప ఎవ్వలు పెట్టినా తినలే. ఒక్క దినంల నాదైంది. మంగళవారం నువ్వు షెడ్ల పొంటి పిలుసుకుంట వస్తాంటె, మేం పత్తి బోరాల ఎన్క ఉన్నం. దగ్గరికొస్తానవని చీపుర్ల రూముల దాన్ని పెట్టి గొళ్లెం పెట్టిన. మూతికి గుడ్డ సర్దుకొని నీ ముందటికొచ్చిన. తాడు కట్టినోడే ఎతుక్కుంట వస్తడనుకోలే, నువ్వు వేరేటోనివనుకున్న."

"మీరు..."

"బోరాల ఎన్క ఉన్నప్పుడు రెండు చేతులతోటి దాని మూతి మూసి పట్టుకున్న. మెడకు అంత పుండుంటె గూడ గుంజుకున్నది. నువ్వు పిలిచింది అది ఇన్నది బిడ్డా. వస్తనన్నది. నేనే పోనియ్యలే."