వాడి చొక్కా

వదిలేసిపోయినవాడి చొక్కాను తన కొలతకు కత్తిరించి తొడుక్కుంటానని ఆమె పంతం పట్టింది. దర్జీ అక్క ఆమె భుజాల మీద టేపు పరిచి ఆగిపోయింది.

"కొయ్యక్కా! వాడి పొగరంతా కోసి పారెయ్. వాడి ఆనవాలు మిగలకూడదు."

"ఏం కొయ్యను తల్లీ? ఉన్నదున్నట్టు సరిపోతోంది."

"నీ కళ్ళు మండ! వాడు దున్నపోతు, నేను చీపురుపుల్ల."

"పోయిన నెల కొలిచినప్పుడు చీపురుపుల్లవే."

"మళ్ళీ కొలిచి చూడు."

"కొలిచాను. ఈ చొక్కా కుట్టింది నేనే. అతనికి ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉండేది."

"ఉంటే?"

"ఇప్పుడు నీకూ దిగింది."

ఆమె అద్దం వంక చూసింది. ఎడమ భుజం తడుముకుంది.

"అయితే చొక్కా పక్కన పెట్టక్కా," అంది నవ్వకుండా. "భుజం కొయ్యి."