కళ్ళు తెరిచిన బొమ్మ

పింగాణీ బొమ్మల కార్ఖానాలో పాత అలమారా దుమ్ము దులుపుతూ మనవరాలు నానమ్మని అడిగింది.

"తాతయ్య మొదట్లో చేసిన బొమ్మలన్నీ నిద్రపోతున్నాయేంటి నానమ్మా?"

"ఆయనకి కళ్ళు గీయడం చేతకాదే. ఎలా గీసినా మెల్లకళ్ళే వచ్చేవి. అందుకని అన్నిటినీ నిద్రపుచ్చేశారు."

"మరి ఈ పిల్ల మేలుకునే ఉందే?"

"దానికి నేను గీశాను, పెళ్ళైన కొత్తలో. కోడలు కార్ఖానాలో అడుగుపెట్టకూడదని మా అత్తగారి ఆజ్ఞ. ఆయన భోజనానికి లేచినప్పుడు దొంగతనంగా వచ్చి కుంచె పట్టాను."

"తాతయ్య కోప్పడ్డారా?"

"లేదే. బొమ్మని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. మర్నాడు తన బల్ల పక్కన ఇంకో కుర్చీ వేశారు."

"మీ అత్తగారు ఊరుకున్నారా?"

"ఎవరికిరా ఆ కుర్చీ అని నిలదీశారు. కళ్ళు గీసే మనిషికమ్మా అన్నారు మీ తాతయ్య."